పెట్రోల్ చేతి ట్యాంపర్: స్లీపరు కింద దిట్ట, వేడెక్కితే మొండిఘటం

పెట్రోల్ చేతి ట్యాంపర్ అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ల అడుగున కంకర దట్టించే (ప్యాకింగ్ చేసే) చేతి మిషన్. దాని ఇంజను ఎన్ని సీసీలు, నిమిషానికి ఎన్ని దెబ్బలు అన్నవి కంపెనీ కాగితంలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. ఇది జనరేటరూ కేబుళ్లూ అక్కర్లేకుండా ఇంజను నెత్తిమీదే ఉండే రకం. నాలుగింటి సెట్టు. మాది డబుల్ లైను, మీటరుకు 60 కిలోల పట్టా, పీఎస్‌సీ (ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు) స్లీపర్లు, కింద నల్లరేగడి, పైన సింగరేణి బొగ్గు రేకులు, అంటే బొగ్గు గూడ్సు బండ్లు. ఈ వివరాలు గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి. వేరే నేల మీద వేరే మాట రావచ్చు.

ఈ మిషన్ మీద నాకున్న ప్రేమంతా ఒక్క పని గురించే: కంకరను స్లీపరు కింద దాని వెడల్పులో నడిమి దాకా తోస్తుంది. పీఎస్‌సీ స్లీపరు అడుగు 250 మి.మీ. వెడల్పు. కంకర కొట్టే పాత చేతి పనిముట్టు బీటర్‌తో ఎంత కొట్టినా అంచు కింద రెండు మూడు రాళ్లు బిగుస్తాయి, నడుమ గుల్లగానే ఉంటుంది. పైగా కాంక్రీటు అంచులు పెచ్చులూడతాయి. పీఎస్‌సీ మీద బీటర్ వద్దన్నది అందుకే. పెద్ద ట్యాంపింగ్ మిషన్ దాని ప్రోగ్రాం ప్రకారం వస్తుంది, ఒక వెల్డు (పట్టాల అతుకు) దగ్గర పది స్లీపర్లు కుంగాయని పిలిస్తే రాదు. ఆ పది స్లీపర్ల పనికి దీన్ని మించింది నేను చూడలేదు.

అయితే మిషన్ స్టార్ట్ చేసే ముందు జరిగే పనే సగం. పట్టాల ఎడం, మట్టం కొలిచే గేజ్-కమ్-లెవెల్ పెడితే 12 మి.మీ. కుంగు కనిపించిందనుకోండి. అది బండి లేనప్పటి లెక్క. స్లీపరు పట్టాకు వేలాడుతూ ఉంటే కింద ఖాళీ వేరే ఉంటుంది. గడ్డపార మొద్దు వైపుతో స్లీపరు చివర తడితే గుల్ల చప్పుడు వస్తుంది, చుట్టూ కంకరకు తెల్లటి పొడి పట్టి ఉంటుంది. ఖాళీ ఎంతో కొలవాలంటే పట్టా అడుగుకు తాకేలా కంకరలో ఒక పుల్ల దిగ్గొట్టి, ఒక బండి పోయాక పుల్లకూ పట్టాకూ మధ్య సందు చూడాలి. 6 మి.మీ. వస్తే 12కు కలిపి 18, బండ్ల కింద మళ్లీ దిగేదానికి ఇంకో 3. మొత్తం 21 లేపాలి. చాలామంది కంటికి కనిపించిన 12 ఒక్కటే లేపి, వారానికే మళ్లీ కుంగితే మిషన్‌ను తిడతారు.

జాక్ ఎత్తే ముందు పట్టాను స్లీపరుకు బిగించే ఈఆర్ క్లిప్పులు చూసుకోవాలి. వదులుగా ఉంటే పట్టా ఒక్కటే లేస్తుంది, స్లీపరు కిందే ఉండిపోతుంది. రబ్బరు ప్యాడ్ నలిగిపోయి ఉంటే ముందు అది మార్చాలి, లేకపోతే ప్యాడ్ లోటును కంకరతో పూడ్చినట్టవుతుంది. లిఫ్టు ఒక విడతలో 50 మి.మీ. దాటకూడదు. రెండు పక్కలా దింపే వాలు 13 మీటర్ల పట్టా పొడవుకు 25 మి.మీ. కంటే నిటారుగా ఉండకూడదు. లాంగ్ వెల్డెడ్ రైలు (వెల్డింగుతో పొడవుగా కలిపిన పట్టా) అయితే వరసగా 30 స్లీపర్ల సందుల కంటే ఎక్కువ కంకర తెరవకూడదు. పట్టా ఉష్ణోగ్రత డీస్ట్రెస్సింగ్ లెక్కకు (పట్టాలో ఒత్తిడి లేకుండా బిగించిన ఉష్ణోగ్రతకు) 10 డిగ్రీలు పైన దాటితే పని ఆపాలి. మన ఎండాకాలంలో ఆ గీత పొద్దెక్కకముందే దాటేస్తుంది.

ఇక బ్లేడు. స్లీపరు లోతు పట్టా కింద 210 మి.మీ., కాబట్టి బ్లేడు కొన స్లీపరు పైమట్టం నుంచి కనీసం 250 దిగాలి. కాడ మీద పెయింటుతో గీత పెట్టుకుంటే వాదనలుండవు. ముందు నిలువుగా దించాలి. గీత దాకా దిగాక హ్యాండిల్‌ను స్లీపరు నుంచి దూరంగా వాల్చాలి, అప్పుడే కొన లోపలికి తిరిగి రాళ్లను తోస్తుంది. మొదట్నుంచే వాల్చి గుచ్చితే స్లీపరు పక్కకు తగిలి కాంక్రీటు చెక్కుతుంది. ఒకే స్లీపరుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా ఒకేసారి పట్టాలి. ఒక్కరే పడితే ఇటు తోసిన రాయి అటు బయటికి పోతుంది. ఒక్కో చోట పదిహేను ఇరవై సెకన్లు చాలు. రాళ్లు కదలడం మానేసి బ్లేడు ఎగిరెగిరి పడుతుంటే అయిపోయినట్టే. స్లీపరు చివరి నుంచి మొదలుపెట్టి, పట్టా దాటి లోపలికి 450 మి.మీ. దాకానే ప్యాకింగ్. ఉత్సాహం కొద్దీ స్లీపరు పొడవులో నడుమ కూడా దట్టిస్తే స్లీపరు నడ్డి మీద కూర్చుని బీట పడుతుంది.

ఈ పద్ధతిలో చేసిన వెల్డు జాయింట్లు బొగ్గు రేకుల కింద కూడా నిలబడ్డాయి.

ఇప్పుడు గొడవ సంగతి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు లాగులకే స్టార్ట్ అవుతుంది. కొన్న కొత్తలో అందరం దాన్నే పొగిడాం. వేడి మీద ఆపి మళ్లీ లాగితే మాత్రం దేవుడు గుర్తొస్తాడు. డబుల్ లైను మీద ఇది చిన్న విషయం కాదు. ఈ మోతలో లుకవుట్ మనిషి విజిల్ వినిపించదు, పక్క లైనులో బండి వచ్చిన ప్రతిసారీ ఇంజను ఆపి తప్పుకోవాలి. అంటే ఒక బ్లాకులో (పని కోసం లైను మూసిన సమయంలో) చాలాసార్లు వేడి స్టార్టు.

ఒకసారి జాక్‌ల మీద పట్టా లేచి ఉండగా, సగం స్లీపర్లు అయ్యాక, నాలుగింటిలో మూడు మొరాయించాయి. ప్లగ్గు విప్పితే తడి. తుడిచి పెడితే ఒకసారి దగ్గి మళ్లీ తడి. అనుమానం అందరికీ కార్బొరేటర్ మీదే. మిగిలినవి పారలతో కంకర తోసి, జాక్‌లు దించి, గంటకు 30 కిలోమీటర్ల కాషన్ (వేగ పరిమితి) పెట్టి బ్లాకు వదలాల్సి వచ్చింది. తర్వాత ప్లగ్గులు మార్చాం, ఆయిలు కొలత చూశాం. లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్, సరిగ్గానే ఉంది. కార్బొరేటర్ విప్పితే శుభ్రంగా ఉంది. అసలు కారణం ఎయిర్ ఫిల్టర్. కాగితం ఎలిమెంటు మడతల్లో కంకర పొడీ బొగ్గు పొడీ కలిసి అట్ట కట్టాయి. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. చల్లటి ఇంజనుకు అదే కావాలి, అందుకే పొద్దున్న అంత ముద్దుగా స్టార్ట్ అయ్యేది. వేడి ఇంజనుకు అదే ఎక్కువై ప్లగ్గు తడుస్తుంది. అంటే మేం పొగిడిన మొదటి లాగు స్టార్టులో కొంత వాటా ఆ మూసుకుపోయిన ఫిల్టర్‌దే. కొత్త ఫిల్టర్ వేశాక పొద్దున్న చోక్ పెట్టి మూడు నాలుగు సార్లు లాగాలి, వేడి మీద మాత్రం చాలావరకు దారికొచ్చింది.

చాలావరకు అనే అంటాను. మిట్టమధ్యాహ్నం ఇంకా సతాయిస్తుంది. ఆపేముందు ఒక నిమిషం ఐడిల్‌లో తిప్పాలి, ఒక్కసారిగా ఆపితే వేడంతా కార్బొరేటర్‌కు ఎక్కుతుంది. వేడి మీద చోక్ ముట్టుకోకూడదు. నాలుగింటికీ ఒకేసారి పెట్రోలు పోయకూడదు, ఒకటి తర్వాత ఒకటి పోయాలి. ఫిల్టర్‌ను పట్టా మీద కొట్టి దులిపే అలవాటు మాన్పించాలి, దెబ్బకు అంచు వంగి పక్క సందులోంచి దుమ్ము సిలిండర్‌లోకి పోతుంది. లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి, రెండు మూడు సార్లకు మించి అదీ వద్దు. హ్యాండిల్ రబ్బరు బుష్‌లు కూడా చూస్తుండాలి. పగిలాక అదే హ్యాండిల్ పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బుష్‌లు బాగున్నా మనిషిని పదిహేను ఇరవై నిమిషాలకోసారి మార్చాల్సిందే.

పైన వెల్డులు నిలబడ్డాయన్నాను. శుభ్రమైన కంకర ఉన్నచోట నిలబడ్డాయి. వంతెన అప్రోచ్‌ల దగ్గర, గేట్ల పక్కన, రేగడి బురద పైకి కక్కే చోట ఈ మిషన్ చేసేదేమీ లేదు, ఊపుడుకు బురద ఇంకా పైకి తేలుతుంది. అక్కడ రెండు స్లీపర్ల నడుమ కంకర తోడేసి, జల్లెడ పట్టి, నీళ్లు పోయే దారి చేశాకే ప్యాకింగ్. అలాగే 20 మి.మీ. కంటే తక్కువ లిఫ్టు చాలే చోట కూడా దీన్ని దించడం మానేశాను. మన కంకరలో పెద్ద రాయి 65 మి.మీ. దాకా ఉంటుంది, చిన్న సందులో అది దూరదు. బ్లేడు పాత గట్టి పరుపును కుదిపి వదులు చేస్తుంది, నాలుగు రేకులు పోయేసరికి పట్టా పాత కుంగుకే చేరుతుంది. అలాంటి చోట సన్న రాతి చిప్స్‌ను కొలిచి పారతో స్లీపరు కింద పరచడమే నయం.

సింగిల్ లైను, మంచి కంకర, ఫిల్టర్లు చేతిలో స్టాకు ఉన్న గ్యాంగు అయితే నాలుగూ ఇవే తీసుకోమంటాను. మాలాంటి డబుల్ లైను మీద ఇంకో సెట్టు అడిగితే మాత్రం యార్డు పనికి జనరేటర్ మీద నడిచే కరెంటు రకం అడుగుతాను. కేబుళ్లు ఈడ్చలేక చావాలి, జనరేటర్ మోయడానికి నలుగురు కావాలి, కానీ ఎన్నిసార్లు ఆపినా స్విచ్ వేస్తే తిరుగుతుంది. మనుషులు తక్కువున్న గ్యాంగుకు ఈ సలహా పనికిరాదు.