రెండేళ్లు గాడిపొయ్యి సెగ తిన్న ఫైబర్ కాంక్రీట్ గచ్చు

మాది గుంటూరులో కేటరింగ్. నల్లపాడు వైపు షెడ్డు. పెళ్లిళ్ల రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి సరుగుడు కట్టెలు అంటిస్తే మధ్యాహ్నం దాకా గాడిపొయ్యి ఆరదు. పాత గచ్చు మామూలు కాంక్రీట్. వేసిన పన్నెండో రోజే, పర్లేదని మేస్త్రి అంటే పొయ్యి పెట్టేశాం. గంట తిరక్కుండానే టపాకాయలా పేలి, అరచేయంత పెచ్చు లేచి బూందీ దూసే పెద్దాయన పిక్కకు తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. ఆయన మా నాన్న నాటి మనిషి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సివిల్ చదివిన మా మేనల్లుడు వచ్చి చూశాడు. "లోపలి తడి ఆవిరైంది మామయ్యా, బయటికి దారి లేక పగలగొట్టుకుని వచ్చింది" అన్నాడు. పాలీప్రొపిలిన్ పోగులు కలిపితే అవి సుమారు 160 డిగ్రీలకే కరిగి, సన్నటి దారులు వదులుతాయట. ఆవిరి వాటిగుండా పోతుంది.

కొత్త గచ్చు 10 అడుగులు, 5 అడుగులు, మందం 6 అంగుళాలు. ఆరు బస్తాల సిమెంటు పట్టింది. షాపులో బస్తాకొక 125 గ్రాముల ప్యాకెట్ చాలన్నారు. అది మామూలు సన్న బీటలకు సరిపోయే లెక్క. సెగకైతే ఘనపు మీటరుకు 2 కిలోల దాకా కావాలని మావాడు పట్టుబట్టి, పన్నెండు ప్యాకెట్లు వేయించాడు. కొసలు వంచిన స్టీల్ ఫైబర్ 20 కిలోలు. మిక్స్ బాగా బిగుసుకుంది. పోగులు ఉండలు కట్టకుండా కాంక్రీట్ కలిపే మిల్లర్‌లో కొంచెం కొంచెంగా చల్లాలి. పనివాళ్లు నీళ్లు పోయబోతే దగ్గరుండి ఆపాను. క్యూరింగ్ అయ్యాక మరో నెల ఎండనిచ్చి, మొదట చిన్న మంటే పెట్టాం.

ఈ రెండేళ్లలో ఒక్క పెచ్చు ఎగరలేదు. నాకు కావలసింది అదే, అందుకే ఈ సరుకుకు నా ఓటు.

కానీ ఫైబర్ వేస్తే గచ్చు సెగకు చెక్కుచెదరదని ఎవరైనా చెబితే నమ్మకండి. పొయ్యి నోటి దగ్గర గచ్చు పైన 410 డిగ్రీలు చూపించింది థర్మామీటర్ గన్. 300 దాటాక కాంక్రీట్ బలం తగ్గుతూ పోతుంది, 600 దగ్గర సగానికి పడిపోతుంది. ఫైబర్ ఉన్నా అంతే. మా గచ్చు అక్కడ లేత గులాబీ రంగుకు తిరిగింది. సుత్తితో కొడితే డొల్ల శబ్దం, నాలుగడుగులు ఇవతల ఖంగుమంటుంది. వెంట్రుకంత బీటలున్నాయి, స్టీల్ పోగులు పట్టుకోబట్టి విచ్చుకోలేదు. ఆ పోగులే అక్కడక్కడా పైకి తేలి కాళ్లకు గుచ్చుకుంటున్నాయి, కటింగ్ ప్లేయర్‌తో తీయించాను. పైన సన్నగా మాలు పూత వేయించి ఉండాల్సింది.

పని అయ్యాక వేడి గచ్చు మీద బిందెడు నీళ్లు కుమ్మరించే అలవాటు మాన్పించడమే కష్టమైంది. ఒక్కసారిగా చల్లబడితే బీటలు పెరుగుతాయి. ఇప్పుడు నిప్పులు లాగేసి అలాగే వదిలేస్తున్నాం.

సంక్రాంతికి అరిసెల ఆర్డర్లు మొదలయ్యేలోపు పొయ్యి కింద డొల్ల పడిన మూడడుగులు కొట్టించి, అక్కడ సెగకు తట్టుకునే ఇటుక, ఫైర్ బ్రిక్ పరిపిస్తున్నాను. చుట్టూ మాత్రం మళ్లీ ఇదే మిక్స్.