ట్రిపుల్ ఐటీయా, ఇంటర్ చదివి జేఈఈ రాయడమా: పల్లె బడిలో పది పాసైన విద్యార్థికి ఏది మేలు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో బాగా చదివిన పిల్లల ఇళ్లలో ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఆ పిల్లల ముందు ముఖ్యంగా రెండు దారులుంటాయి. మొదటిది, పదో తరగతి మార్కులతోనే సీటు ఇచ్చే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, అంటే మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే చోట, ఆరేళ్ల చదువులో చేరడం. రెండోది, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ తీసుకుని జేఈఈ రాసి, ఐఐటీ కోసమో ఎన్ఐటీ కోసమో పోటీ పడడం. పాలిటెక్నిక్ కూడా మంచి దారే. దాని సంగతి చివర్లో చెబుతాను. డాక్టరు కావాలనుకునే పిల్లలకు ఈ పోలిక వర్తించదు. వారు బైపీసీ చదివి నీట్ రాయాల్సిందే.

ప్రభుత్వ బడిలో గణితం చెప్పే ఉపాధ్యాయునిగా ఈ ప్రశ్న ఏటా నా దగ్గరికి వస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: పల్లె బడిలో మొదటి వరుసలో నిలిచిన పిల్లల్లో ఎక్కువ మందికి ట్రిపుల్ ఐటీయే మేలు. కొద్ది మందికి మాత్రం జేఈఈ దారి మేలు. ఆ కొద్ది మంది ఎవరన్నది మార్కులు చూసి తేల్చలేం.

రెండు దారుల్లోనూ సీటు కోసం పోటీ ఉంది, కానీ ఆ పోటీ ఒక రకమైనది కాదు. ట్రిపుల్ ఐటీ సీటుకు మీ బడి చెప్పిన పాఠాల మీద పెట్టే పదో తరగతి పబ్లిక్ పరీక్షలో వచ్చిన మార్కులే ఆధారం. జేఈఈ సీటుకు మీ బడిలో ఎవరూ చెప్పని పద్ధతిలో ప్రశ్నలు అడిగే పరీక్ష ఆధారం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో తర్ఫీదు పొందిన నగరపు విద్యార్థి ఆ రెండో పరీక్షకు కూర్చునే నాటికి, పల్లె విద్యార్థి కంటే కొన్నేళ్లు ముందుంటాడు. ఇద్దరి తెలివితేటల్లో తేడా లేకపోయినా ఆ కొన్నేళ్ల తేడాను రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో పూడ్చడం చాలా కష్టం.

ట్రిపుల్ ఐటీ 2008లో ఏర్పడింది. నూజివీడు, ఇడుపులపాయ దగ్గరి ఆర్.కె.వ్యాలీ, బాసర క్యాంపస్‌లు మొదట వచ్చాయి. ఒంగోలు, శ్రీకాకుళం తర్వాత తోడయ్యాయి. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు క్యాంపస్‌లలో ఒక్కోదానిలో సుమారు వెయ్యి మందిని తీసుకుంటారు. రాష్ట్రంలో పది రాసేవారు ఏటా ఆరు లక్షల వరకు ఉంటారు కనుక ఇది సులభంగా దొరికే సీటు కాదు. అయితే నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి నాలుగు శాతం అదనపు వెయిటేజీ ఉంది. ఆరు వందల మార్కుల పరీక్షలో మంచి విద్యార్థికి అది ఇరవైకి పైగా మార్కులతో సమానం. ప్రైవేటు బడిలో 570 తెచ్చుకున్న పిల్లవాడికి, జిల్లా పరిషత్ బడిలో 550 తెచ్చుకున్న అమ్మాయి ఈ లెక్కతో దీటుగా నిలుస్తుంది. ఇంట్లో చదువు చెప్పేవారు లేకుండా, పొలం పనుల రోజుల్లో బడి మానకుండా ఆ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి శ్రమకు ఇంతటి స్పష్టమైన గుర్తింపు జేఈఈ ర్యాంకులో ఎక్కడా లేదు. మార్కులు సమానమైతే గణితంలో ఎక్కువ వచ్చినవారిని ముందు తీసుకుంటారు. అందుకే గణితంలో రెండు మార్కులు పోయినా పర్వాలేదని పిల్లలతో అనవద్దని తోటి ఉపాధ్యాయులకు చెబుతుంటాను.

సీటు వచ్చాక జరిగేది ఇంకా ముఖ్యం. మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానమైన పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. మధ్యలో మరో ప్రవేశ పరీక్ష ఉండదు. తెలుగులో పాఠాలు విన్న పిల్లలకు ఇంగ్లీషు పుస్తకం మొదటి సెమిస్టర్‌లో కొరుకుడు పడదు. భౌతికశాస్త్రం లెక్క చేయగలిగినా ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికే సగం సమయం పోతుంది. కానీ పక్క బల్ల మీద కూర్చున్నవారిలో చాలా మంది అలాంటి బడుల నుంచే వచ్చి ఉంటారు. వెనకబడ్డానన్న సిగ్గు అక్కడ అంతగా అంటుకోదు. రాత్రి హాస్టల్ గదిలో నలుగురు కలిసి నిఘంటువు ముందేసుకుని ఒకే పేజీని రెండుసార్లు చదువుతారు. కుదురుకోవడానికి దొరికే ఈ సమయమే ట్రిపుల్ ఐటీ ఇచ్చే అసలైన సౌకర్యమని నా నమ్మకం.

దాని లోపాలూ చెప్పాలి. బీటెక్‌లో ఏ బ్రాంచి వస్తుందన్నది పీయూసీలో తెచ్చుకున్న గ్రేడ్ల మీద ఆధారపడుతుంది. సీటు వచ్చేసిందని మొదటి రెండేళ్లు తేలిగ్గా తీసుకున్నవారు కంప్యూటర్ సైన్స్ కోరుకుని వేరే బ్రాంచిలో చేరాల్సి వస్తుంది. బోధన చాలావరకు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద నడుస్తోంది. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వసతుల కోసం రోజుల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి వేల మంది మధ్యకు వెళ్లే పిల్లలను తల్లిదండ్రులు తరచూ పలకరించాలి. ఇక ప్రతిష్ఠ సంగతికి వస్తే, దేశమంతటా ఐఐటీ పేరుకు ఉన్న విలువ ట్రిపుల్ ఐటీకి లేదు. ఆ తేడా ఉద్యోగాల దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు రెండో దారి. ఐఐటీలన్నిటిలో కలిపి బీటెక్ సీట్లు సుమారు 18 వేలు. జేఈఈ మెయిన్ రాసేవారు పది లక్షలు దాటుతారు. వారిలో మొదటి రెండున్నర లక్షల మందికే, ఐఐటీ సీటుకు ఆధారమైన రెండో పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు గానీ, అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి రెండేళ్లలో విషయంతో పాటు భాషను కూడా దాటాలి. ఇంటర్ రాసిన ఏడాది, ఆ మరుసటి ఏడాది, ఈ రెండుసార్లే అడ్వాన్స్‌డ్ రాయనిస్తారు.

అయినా ఈ దారిలో పల్లె విద్యార్థికి అనుకూలమైనవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి మన ఊళ్లలో చెప్పేవారు తక్కువ. ఐఐటీలో చదువు ఖర్చు భరించలేమని చాలా ఇళ్లలో ఆ ఊసే ఎత్తరు. నిజానికి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే ఏ వర్గం వారికైనా పూర్తి మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే దక్కుతాయి కనుక, ఆంధ్రప్రదేశ్ విద్యార్థికి తాడేపల్లిగూడెంలో, తెలంగాణ విద్యార్థికి వరంగల్‌లో పోటీ కొంత తగ్గుతుంది. ఆడపిల్లల సంఖ్య పెంచడానికి ఐఐటీలు 2018 నుంచి అదనపు సీట్లు కేటాయిస్తున్నాయి. సీటు దొరికితే చదివించడానికి దారులున్నాయి. అసలు ఖర్చంతా సీటు దొరకడానికి ముందే ఉంది.

ఆ ఖర్చే ఈ పోలికలో తక్కెడను ఒకవైపుకు మొగ్గేలా చేస్తుంది. పేరున్న ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో ఏడాది ఫీజు లక్ష రూపాయలు సులువుగా దాటుతుంది. కౌలు రైతు కుటుంబం రెండేళ్లకు ఆ డబ్బు అప్పు తెచ్చిందంటే, పిల్లవాడు పరీక్ష గదిలోకి ఆ అప్పును కూడా మోసుకు వెళతాడు. పైగా అలాంటి చాలా కళాశాలల్లో విద్యార్థులను ప్రతిభను బట్టి సెక్షన్లుగా విడదీస్తారు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఏ సెక్షన్‌లో పడతాడో తల్లిదండ్రులు అడగరు, ఎవరూ వారికి చెప్పరు. ప్రకటనల్లో కనిపించే ర్యాంకులు మొదటి సెక్షన్లవి. అదే ఫీజు కట్టిన చివరి సెక్షన్ విద్యార్థికి ఆ అధ్యాపకులు పాఠం చెప్పరు. అందుకే అప్పు చేసి జేఈఈ దారి పట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలలో సీటు వచ్చి, అక్కడ జేఈఈ శిక్షణ కూడా ఉంటే ఆ దారి వేరు: ఖర్చు లేదు, ఒకవేళ ర్యాంకు రాకపోయినా రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరవచ్చు, కుటుంబం నష్టపోదు.

ఇక జేఈఈ దారికి తగిన పిల్లలను గుర్తించడం ఎలా? పదో తరగతి పుస్తకం వర్గ సమీకరణం ఇచ్చి మూలాలు కనుక్కోమంటుంది. జేఈఈలో మూలాల మధ్య సంబంధం ఒకటి చెప్పి, గుణకాలు ఏ హద్దుల్లో ఉండాలో అడుగుతారు. వేసవి సెలవుల్లో అలాంటి లెక్కలు మూడు నాలుగు పిల్లలకు ఇచ్చి ఒక రోజు వదిలేస్తాను. 580 దాటిన పిల్లల్లోనూ చాలా మంది కాసేపు చూసి, ఇది మాకు చెప్పలేదు సార్ అంటారు. అందులో తప్పేమీ లేదు, చెప్పింది చక్కగా నేర్చుకోవడం పెద్ద గుణమే. మరుసటి రోజు పొద్దున్నే సగం చేసిన లెక్కతో వచ్చి, ఇక్కడిదాకా వచ్చింది, తర్వాత ఎందుకు పోవడం లేదో చూడండి సార్ అనే పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వారి మార్కులు తరగతిలో మొదటివి కాకపోవచ్చు. వారిని నేను గురుకులం వైపు, జేఈఈ వైపు ప్రోత్సహిస్తాను. మిగిలిన మంచి విద్యార్థులను ట్రిపుల్ ఐటీ దరఖాస్తు ముందు నింపమంటాను.

ట్రిపుల్ ఐటీలో చేరితే జేఈఈ తలుపు మూసుకుపోతుందని కొందరు భయపడతారు. పీయూసీ ఇంటర్మీడియట్‌కు సమానమే కనుక ఆ రెండేళ్ల తర్వాత జేఈఈ రాసి బయటికి వెళ్లవచ్చు. కానీ సెమిస్టర్ పరీక్షల మధ్య విడిగా దానికి సిద్ధం కావడం కొద్ది మందికే సాధ్యం, కనుక దీన్ని ముందే లెక్కలో వేసుకుని చేరకూడదు.

పాలిటెక్నిక్ విషయం క్లుప్తంగా. త్వరగా సంపాదన అవసరమైన ఇంట్లో, చేతిపని మీద ఇష్టమున్న పిల్లలకు పాలిసెట్ ద్వారా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చాలా మంచిది. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే వీలుంది. ట్రిపుల్ ఐటీ సీటు తృటిలో తప్పిన విద్యార్థికి, అప్పు చేసి చేరే ప్రైవేటు ఇంటర్ కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

ఏ దారి ఎంచుకున్నా మే, జూన్ నెలల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. ట్రిపుల్ ఐటీ ఎంపిక జాబితా రావడానికి ముందే ప్రైవేటు కళాశాలలు ఇళ్లకు వచ్చి చేర్చుకుంటాయి. ఆ తొందరలో ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించి, ఫీజు కట్టినవారికి జాబితాలో పేరు వచ్చాక వాటిని వెనక్కి తెచ్చుకోవడం గగనమవుతుంది. జాబితా తేలేవరకు సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉంచండి, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ముందే తీయించి పెట్టుకోండి. మొదటి జాబితాలో పేరు లేదని వదిలేయకండి. చేరనివారి సీట్లు, చేరి మానేసినవారి సీట్లు తర్వాతి విడతల్లో భర్తీ చేస్తారు, ఆ కబురు దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరుకే వస్తుంది. కనుక నెట్ సెంటర్ నంబరు కాకుండా ఇంట్లో ఎప్పుడూ పనిచేసే నంబరు రాయించండి.