కొత్త మౌస్ డబుల్ క్లిక్ అవుతోందా? “సెట్టింగ్స్ మార్చి చూడండి” అన్న మాట నమ్మకండి, రిటర్న్ గడువు దాటిపోతుంది

రంగు లైట్లు వెలిగే చవక వైర్‌లెస్ ‘గేమింగ్’ మౌస్ ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. అదే బొమ్మని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి రాసినా పెద్దగా లాభం లేదు.

నాకొచ్చిన పీస్‌లో ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ మూస్తే పక్కది కూడా పోతుంది. ఎక్సెల్‌లో గడి మీద నొక్కితే ఎడిట్‌లోకి వెళ్తుంది, గడి అంచు మీద పడితే ఏకంగా డేటా చివరికి ఎగిరిపోతుంది. ఫైల్ పట్టుకుని లాగుతుంటే దారిలో ఏదో ఫోల్డర్‌లో జారిపడుతుంది, తర్వాత దాన్ని వెతుక్కోవడం ఇంకో పని. జీఎస్టీ రిటర్నుల రోజుల్లో ఇలాంటి మౌస్ చేతిలో ఉంటే ఎలా ఉంటుందో అకౌంట్స్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

సెల్లర్‌కి రాస్తే మర్యాదగానే జవాబిస్తారు. “సార్, డబుల్ క్లిక్ స్పీడ్ పెంచి చూడండి.” చూశాం. “డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి.” వేశాం. “మా సాఫ్ట్‌వేర్ దించుకుని అప్‌డేట్ చేయండి.” ఆ తర్వాత “వీడియో తీసి పంపండి.” ఒక్కో జవాబుకి ఒక రోజు పడుతుంది. రిప్లేస్‌మెంట్ గడువు అయిపోయాక మాట మారుతుంది: “వారంటీ కోసం సర్వీస్ సెంటర్‌ని సంప్రదించండి.” ఆ సెంటర్ ఎక్కడుందో డబ్బా మీద ఉండదు, అడిగితే చెప్పరు.

అసలు విషయం ఏంటంటే, ఈ జబ్బు సెట్టింగ్స్‌తో పోయేది కాదు. రెండు నొక్కుల మధ్య ఎంత వ్యవధి వరకు డబుల్ క్లిక్‌గా లెక్కపెట్టాలో చెప్పడానికే విండోస్‌లో ఆ స్పీడ్ స్లైడర్ ఉంది. మామూలుగా అది 500 మిల్లీసెకన్లు. స్పీడ్ ఎంత పెంచినా ఆ వ్యవధి 200 కంటే కిందికి రాదు. బటన్ కింద స్విచ్‌లో రేకు అదిరి రెండోసారి తగలడం అంతకంటే చాలా వేగంగా అయిపోతుంది. స్లైడర్‌ని ఏ చివరికి లాగినా ఒరిగేదేమీ లేదు. అనుమానం ఉంటే మౌస్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టండి, లేదా ఓటీజీతో (ఫోన్‌కి యూఎస్‌బీ తగిలించే చిన్న వైరు) ఫోన్‌కి పెట్టండి. అక్కడా రెండేసి పడితే తప్పు మీ విండోస్‌ది కాదు.

ఇక ఆ సాఫ్ట్‌వేర్ సంగతి. డబ్బాలో చిన్న కార్డు, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటాయి. స్కాన్ చేస్తే ఎవరిదో ఆన్‌లైన్ డ్రైవ్‌లోంచి జిప్ ఫైల్ వస్తుంది. తెరిస్తే తయారుచేసినవాళ్లెవరో తెలియదని విండోస్ హెచ్చరిస్తుంది. “యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి” అని కార్డు మీదే అచ్చేశారు, ఎంత ధైర్యం చూడండి! మాక్రోలు (ఒక్క బటన్‌తో వరసగా నడిచే కీల నొక్కులు) రికార్డు చేసే ప్రోగ్రాం అంటే మీరు కొట్టే కీలు కూడా దానికి కనిపిస్తాయి. బ్యాంకు లాగిన్ చేసే కంప్యూటర్‌లో అది పెట్టొద్దు. పైగా సెట్టింగ్స్ దాచుకునే మెమరీ ఈ మౌస్‌లో లేదు. ఆ ప్రోగ్రాం వెనక నడుస్తున్నంతసేపే మీరు పెట్టిన డీపీఐ (పాయింటర్ ఎంత చురుగ్గా కదలాలన్న లెక్క), సైడ్ బటన్లు పనిచేస్తాయి.

అన్ని చికాకులూ మౌస్ తప్పే అనను. పాయింటర్ చెయ్యి కదిపినంత కాక ఒకోసారి ఎక్కువ, ఒకోసారి తక్కువ జరుగుతుంటే, మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ తీసేయండి. స్క్రోల్ మరీ దూకుతుంటే ఒక్కో తిప్పుకి జరిగే వరసలు 3 నుంచి తగ్గించుకోండి. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే డాంగిల్‌ని (కంప్యూటర్‌కి పెట్టే చిన్న రిసీవర్) యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్క నుంచి తీసి దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3 నుంచి పుట్టే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే రాసింది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు చాలు. వీటిలో దేనికీ ఆ జిప్ ఫైల్ అక్కర్లేదు.

కొనేశారా? డబ్బా తెరిచేటప్పుడే వీడియో తీసుకోండి. అదే రోజు ఒక ఫైల్‌ని డెస్క్‌టాప్ మీద ఆ మూల నుంచి ఈ మూలకి మెల్లగా లాగి చూడండి. మౌస్ దాన్ని మధ్యలో జారవిడిస్తే చాట్‌లో చర్చలు పెట్టుకోకుండా యాప్‌లోనే రిప్లేస్‌మెంట్ నొక్కేయండి. చాట్‌లో ఎంత రాసుకున్నా గడువు ఆగదు. ఒప్పుకోకపోతే ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నా ఫిర్యాదు అక్కడే నడుస్తోంది. డబ్బు వెనక్కి వస్తే ఈ పోస్టు కిందే రాస్తాను.