లూయిస్ పట్టణపు డ్రిప్పింగ్ పాన్: ఎదుటి జట్టు అభిమానులుగా మేము చూసిన మైదానం

ఇంగ్లండు దక్షిణ తీరానికి దగ్గరగా, ఈస్ట్ ససెక్స్‌లో ఉన్న లూయిస్ అనే చిన్న పట్టణంలోని ఫుట్‌బాల్ మైదానం పేరు డ్రిప్పింగ్ పాన్. మొన్నటి సీజన్‌లో ఒక శనివారం నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి అక్కడికి వెళ్ళాము. అయితే వెళ్ళింది ఆ ఊరి జట్టు కోసం కాదు. దక్షిణ లండన్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న కార్షాల్టన్ అథ్లెటిక్ ఆ రోజు అక్కడ ఆడుతుంటే, మెరూన్ రంగు మఫ్లర్లు కట్టుకుని దాని వెంట వెళ్ళాము. కాబట్టి ఈ సమీక్షలో నేను చెప్పేదంతా ఎదుటి జట్టు మనిషిగా గడప తొక్కినవాడికి ఆ మైదానం ఎలా ఉంటుందన్నదే.

మన తెలుగువాళ్ళలో ఇంగ్లండు ఫుట్‌బాల్ అంటే టీవీలో కనిపించే ప్రీమియర్ లీగ్ అనుకునేవాళ్ళే ఎక్కువ. ప్రీమియర్ లీగ్‌లోనూ, దాని కింద ఉన్న మూడు డివిజన్లలోనూ కలిపి 92 క్లబ్బులు ఉంటాయి. ఆ 92కీ బయట ఉన్న వందలాది క్లబ్బులన్నిటినీ కలిపి ఇక్కడివాళ్ళు నాన్‌లీగ్ అంటారు. పేరుకు నాన్‌లీగ్ అయినా వాటికీ లీగులున్నాయి, మెట్లున్నాయి, పైకి ఎక్కడాలూ కిందికి దిగడాలూ ఉన్నాయి. లూయిస్, కార్షాల్టన్ ఆడే ఇస్త్మియన్ లీగ్ 1905లో మొదలైంది. దాని ప్రీమియర్ డివిజన్ పై నుంచి లెక్కపెడితే ఏడో మెట్టు. 2018లో ఈ రెండు జట్లూ కింది డివిజన్ నుంచి కలిసే పైకి వచ్చాయి, మా జట్టు మొదటి స్థానంతో, లూయిస్ రెండో స్థానంతో. లూయిస్ జట్టును రూక్స్ అంటారు, మా జట్టును రాబిన్స్ అంటారు. రూక్ మన కాకి జాతి పక్షి, రాబిన్ ఎర్రటి రొమ్ముతో పిడికెడంత ఉండే పిట్ట. కాకికీ పిట్టకీ పోటీ ఏమిటని మా అమ్మాయి రైలెక్కే దాకా అడుగుతూనే ఉంది.

ఎదుటి జట్టు అభిమానిగా వెళ్ళడం అంటే నాకు మొదట్లో మంచి అభిప్రాయం లేదు. కొన్నేళ్ళ క్రితం, పేరు చెప్పనవసరం లేని ఒక పెద్ద క్లబ్బు స్టేడియానికి స్నేహితులతో వెళ్ళినప్పుడు, చాలా డబ్బు పెట్టి కొన్న టికెట్టుకు స్తంభం చాటున ఒక మూల సీటు దొరికింది. మా చుట్టూ కాపలాదారులు వరుసగా నిలబడ్డారు, ఆట ముగిశాక ఊరివాళ్ళంతా వెళ్ళిపోయేదాకా మమ్మల్ని చలిలో ఆపి ఉంచారు. భద్రత కోసమే కావచ్చు, కానీ ఆ సాయంత్రమంతా మేమేదో తప్పు చేసి వచ్చినట్టే అనిపించింది. పిల్లను తీసుకుని అలాంటి చోటికి మళ్ళీ వెళ్ళకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. డ్రిప్పింగ్ పాన్‌కు వెళ్ళేముందు నా మనసులో ఉన్న భయం అదే.

ఈస్ట్ క్రోయ్‌డన్ నుంచి లూయిస్‌కు నేరుగా రైలు ఉంది, గంట లోపే చేరుకోవచ్చు. స్టేషన్ నుంచి మైదానానికి నడక అయిదు నిమిషాలు. పట్టణంలోకి ఎక్కకుండా దక్షిణం వైపు మౌంట్‌ఫీల్డ్ రోడ్డులోకి తిరిగితే చాలు, ఫ్లడ్‌లైట్ల స్తంభాలే దారి చూపిస్తాయి. ఆట మూడు గంటలకు. మేము పన్నెండింటికే దిగాము, ఎందుకంటే మైదానానికి ఆనుకునే సెయింట్ పాంక్రాస్ ప్రయరీ శిథిలాలు ఉన్నాయి. ఫ్రాన్సులోని క్లూనీ మఠపు సంప్రదాయాన్ని పాటించే క్రైస్తవ సన్యాసులు ఇంగ్లండులో కట్టుకున్న మొదటి మఠం అది, పదకొండో శతాబ్దం నాటిది. 1264లో లూయిస్ యుద్ధానికి ముందు మూడో హెన్రీ రాజు విడిది చేసింది అక్కడే. 1537లో ఎనిమిదో హెన్రీ కాలంలో దాన్ని స్వాధీనం చేసుకుని, ఆ తరువాత పడగొట్టించారు. ఆ మొండి గోడల పక్కన బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాము. నాన్‌లీగ్ ఆట చూడడానికి వెళ్ళేవాళ్ళు ఆ ఊరినీ కాస్త చూసి రావాలని నా అభిప్రాయం, లూయిస్‌లో అయితే దానికి అదనపు శ్రమ కూడా అక్కర్లేదు.

మైదానం పేరు వెనక కూడా ఆ మఠమే ఉందంటారు. డ్రిప్పింగ్ పాన్ అంటే మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వును పట్టే పళ్ళెం. ఆ పల్లపు నేలలో ఒకప్పుడు సన్యాసులు ఉప్పు పండించేవారని, అందుకే ఆ పేరు వచ్చిందని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కథో గానీ, చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఆ ఆకారం వెంటనే నమ్మబుద్ధేస్తుంది. చుట్టూ గట్టు, మధ్యలో చదునుగా దిగిన నేల, ఆ నేల మీద పచ్చిక. గేటు దాటి లోపలికి వెళ్ళగానే ఆట స్థలం మన కాళ్ళ కింద, లోతులో కనిపిస్తుంది. గట్ల మీద గడ్డి, ఆ పైన ఆకాశం, దూరంగా సౌత్ డౌన్స్ సుద్దకొండలు. ఒక గోలు వెనక ఫిల్‌కాక్స్ అని పిలిచే చోట పైకప్పు ఉంది, అక్కడ మెట్ల మీద నిలబడి చూడవచ్చు. కూర్చుని చూడాలనుకునేవారికి స్టాండు వేరుగా ఉంది. సముద్రపు ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి కట్టే రంగురంగుల చెక్క గదుల వంటివి కూడా అక్కడ ఉన్నాయి. పెద్ద స్టేడియాల్లో డబ్బున్నవాళ్ళు విడిగా కూర్చుని ఆట చూసే అద్దాల గదులు ఎందుకో ఇక్కడ ఇవి అందుకు. మైదానం మొత్తం పట్టేది మూడు వేల మంది.

గేటు దగ్గర టికెట్టు ఇచ్చినాయన మా అమ్మాయి మఫ్లర్ రంగు చూసి, ఇంత దూరం వచ్చినందుకు సంతోషమని చెప్పి, గాలి ఎటు నుంచి వీస్తోందో, ఎక్కడ నిలబడితే చలి తక్కువో వివరించారు. ఎదుటి జట్టువాళ్ళు ఎటు వెళ్ళాలని నేను అడిగాను. ఎటైనా వెళ్ళవచ్చన్నారు. ఆ రోజు మాకు అడ్డుగోడలు లేవు, మా కోసం వేరు ద్వారం లేదు, మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. సుమారు యాభై మంది కార్షాల్టన్‌వాళ్ళం ఉన్నాము. మా జట్టు ఏ గోలు మీద దాడి చేస్తుందో ఆ గోలు వెనక చేరాము. పక్కనే ఎరుపు నలుపు చారల చొక్కాలవాళ్ళు కూడా నిలబడ్డారు.

సగం ఆట ముగిశాక జరిగిన విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎదుటి జట్టు అభిమానికి ఈ మైదానం ఎలాంటిదో నాకు అర్థమైంది అప్పుడే. జట్లు వైపులు మారతాయి కనుక అభిమానులు కూడా మారతారు. మేము మా గుడ్డ బ్యానర్‌ను రెయిలింగు నుంచి విప్పుకుని, మడిచి చంకలో పెట్టుకుని అటు నడుస్తుంటే, లూయిస్‌వాళ్ళు తమది పట్టుకుని ఇటు వస్తున్నారు. గట్టు కింద సన్నటి దారిలో రెండు గుంపులూ ఎదురెదురయ్యాయి. మన ఊళ్ళో రెండు పెళ్ళి ఊరేగింపులు ఒకే వీధిలో ఎదురైతే ఎలా సర్దుకుని దారి ఇచ్చుకుంటాయో అలాగే ఇచ్చుకున్నారు. మీ నాలుగో నంబరు కుర్రాడు బాగా ఆడుతున్నాడని ఒక పెద్దాయన నాతో చెప్పి ముందుకు సాగారు. ఆయన మెచ్చుకున్న కుర్రాడు అప్పటికి తమ జట్టు ముందువరుస ఆటగాడిని రెండుసార్లు కింద పడేసినవాడే.

ఇక ఆట సంగతి. రెయిలింగుకు ఆనుకుని నిలబడితే ఆటగాళ్ళకూ మనకూ మధ్య రెండు మూడు అడుగులే. బంతిని తన్నిన చప్పుడు ముందు గుండెకు తగిలి తరువాత చెవికి వినిపిస్తున్నట్టు ఉంటుంది. గోల్‌కీపర్ తన డిఫెండర్లను పేర్లతో అరిచి పిలవడం, లైన్స్‌మన్ పరుగెత్తేటప్పుడు రొప్పడం, మోకాలికి అంటిన బురదను ఆటగాడు గోటితో గీరుకోవడం అన్నీ కనబడతాయి, వినబడతాయి. ఒకసారి బంతి వచ్చి మా అమ్మాయి ముందు రెయిలింగుకు తగిలింది. లూయిస్ ఆటగాడు త్రో వేయడానికి వచ్చి, ఆమె రెండు చేతులతో అందించిన బంతిని తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఎదుటి జట్టువాడికి బంతి ఎందుకు ఇచ్చావని మావాళ్ళలో ఒకాయన నవ్వుతూ అడిగితే, అడిగాడు కదా అంది.

మా తాతగారు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటలు చూసినవారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీని వరుసగా అయిదేళ్ళు గెలిచిన జట్టు అది. మైదానం అంచున నిలబడితే ఆటగాళ్ళ మాటలన్నీ వినిపించేవని ఆయన చెబుతుంటే చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, ఎందుకంటే నేను ఆట చూసింది టీవీలోనే. డ్రిప్పింగ్ పాన్‌లో నిలబడి ఉన్నప్పుడు ఆయన చాలాసార్లు గుర్తొచ్చారు.

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. వేడి వేడి చిప్స్, టీ దొరికాయి. మాంసం తిననివాళ్ళు కూడా ఆకలితో ఉండనక్కర్లేదు. బీరు తాగేవారికి ఆ ఊరిలోనే తయారయ్యే హార్వేస్ బీరు ఉంటుంది. ఇంగ్లండులో పై అయిదు మెట్ల ఆటల్లో, మైదానం కనిపించే చోట మద్యం తాగడాన్ని 1985 నాటి చట్టం నిషేధిస్తుంది. ఆ నిషేధం ఈ మెట్టుకు వర్తించదు కనుక గ్లాసు చేతిలో పట్టుకునే ఆట చూడవచ్చు. పిల్లలున్న చోట అలా తాగుతుంటే గొడవలు రావా అని నా భార్య ముందు సందేహించింది గానీ, మేమున్నంతసేపు ఒక్క అసభ్యమైన మాట కూడా మా పిల్ల చెవిన పడలేదు.

ఈ మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే, క్లబ్బు ఎవరిదన్న ప్రశ్నకు వెళ్ళాలి. 1885లో పుట్టిన ఈ క్లబ్బు 2010 నుంచి అభిమానుల సొంతం. కొంత రుసుము కట్టిన ఎవరైనా యజమానే, ఎంత డబ్బున్నవాడికైనా ఓటు ఒక్కటే. టికెట్టు చింపేవారూ, మనకు దారి చెప్పేవారూ తమ ఇంటికి చుట్టం వచ్చినట్టు చూస్తారంటే, అది నిజంగానే వాళ్ళ ఇల్లు కాబట్టే. 2017లో ఇదే క్లబ్బు మహిళల జట్టుకూ పురుషుల జట్టుకూ సమానంగా డబ్బు కేటాయిస్తామని ప్రకటించింది. ఆటే వృత్తిగా ఉన్న ఆటగాళ్ళ క్లబ్బులలోనూ, వేరే ఉద్యోగం చేసుకుంటూ జీతానికి ఆడేవాళ్ళ క్లబ్బులలోనూ ఆ పని చేసిన మొదటి క్లబ్బు ఇదే. రెండు జట్లూ ఆడేది కూడా ఈ ఒక్క మైదానంలోనే. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి, మరి మిగతావాళ్ళు ఎందుకు ఇవ్వరు నాన్నా అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. గడ్డి గట్లు ఏటవాలుగా ఉంటాయి, వాన పడితే జారతాయి. పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను గట్టెక్కించకుండా స్టాండులో కూర్చోబెట్టాలి. పైకప్పు ఉన్న చోటు కొంతే కనుక, వాన సూచన ఉన్న రోజు ఆలస్యంగా వెళితే తడవక తప్పదు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి చెవులను కోసేస్తుంది, ఏప్రిల్ నెలలో కూడా మంకీ క్యాప్ తీసుకెళ్ళమనే నా సలహా. శని, ఆదివారాల్లో రైలు పట్టాల మరమ్మతులు తరచూ జరుగుతాయి, బయలుదేరే ముందు వేళలు చూసుకోవాలి.

ఆ రోజు మా జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. చివరి అయిదు నిమిషాలూ గోలు ముందు జరిగిన పెనుగులాట చూస్తూ నా గొంతు పోయింది. విజిల్ పడ్డాక ఆటగాళ్ళు మా దగ్గరికి వచ్చి చప్పట్లు కొట్టారు, ఒక్కొక్కరి ముఖంలో దిగులు కనబడేంత దగ్గరగా. స్టేషన్‌కు నడుస్తుంటే ఎరుపు నలుపు మఫ్లర్లూ మా మెరూన్ మఫ్లర్లూ ఒకే ప్లాట్‌ఫారం మీద కలిసిపోయాయి. ఆ నాలుగో నంబరు కుర్రాడిని మెచ్చుకున్న పెద్దాయన అక్కడ మళ్ళీ కనిపించి, కార్షాల్టన్‌లో టీ ఎలా ఉంటుందని అడిగారు. తరువాతి ఆట అక్కడే ఉంది, రమ్మన్నాము. ఈలోగా ఒక ఆదివారం లూయిస్ మహిళల జట్టు ఆట చూడడానికి మళ్ళీ వెళ్ళాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ రోజు ఏ రంగు మఫ్లర్ కట్టుకోవాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.