గార్డెన్‌లో స్మాక్‌డౌన్: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరు గెలవాలి

2024 జూన్ 28, శుక్రవారం, న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, వారంవారం టీవీలో వచ్చే కుస్తీ షో, డబ్ల్యూడబ్ల్యూఈ స్మాక్‌డౌన్. టికెట్లు కొన్నప్పటికి ఎవరు ఎవరితో తలపడతారో తెలియదు. తీరా మ్యాచ్‌ల జాబితా బయటకొచ్చాక చూస్తే మనీ ఇన్ ద బ్యాంక్ (నిచ్చెనెక్కి బ్రీఫ్‌కేసు అందుకున్నవాడికి ఛాంపియన్‌తో తలపడే హక్కు దక్కే పోటీ) అర్హత కోసం ఎల్‌ఏ నైట్, లోగన్ పాల్, శాంటోస్ ఎస్కోబార్ ముగ్గురూ ఒకే మ్యాచ్‌లో ఉన్నారు. డల్లాస్ నుంచి కుస్తీ చూడ్డానికి విమానం ఎక్కుతున్నానంటే ఆఫీసులో నవ్వారు. నవ్వనీ! చిన్నప్పుడు ట్రంప్ కార్డుల్లో ఛాతీ కొలతలు బట్టీ పట్టినవాళ్ళకి ఈ హాలు అంటే ఏమిటో వాళ్ళకెలా తెలుస్తుంది? 1985 మార్చి 31న మొదటి రెజిల్‌మేనియా జరిగింది ఇక్కడే. పదోది, ఇరవయ్యోది కూడా ఇక్కడే.

ముందు బస సంగతి. మా బృందంలో తలా ఒకచోట దిగాం కాబట్టి పోల్చి చెప్పడం తేలిక.

నేను గురువారం రాత్రి మాన్‌హట్టన్‌లోనే, గార్డెన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక హోటల్ తీసుకున్నాను. పేరెందుకు గానీ, సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోని గది అది. బుక్ చేసేటప్పుడు కనిపించిన రేటు ఒకటి, చివర్లో కట్టింది ఇంకొకటి. న్యూయార్క్‌లో గది అద్దె మీద పన్నులు 14.75 శాతం, ఆపైన రోజుకి మూడున్నర డాలర్లు. ఇవి కాక ‘డెస్టినేషన్ ఫీజు’ అని హోటల్ వాళ్ళ సొంత వడ్డింపు. ఆ ఫీజుకి బదులుగా రెండు నీళ్ళ సీసాలు, లాబీలో కాఫీ. కాఫీ మిషన్ చెడిపోయి ఉంది. అడిగితే రిసెప్షన్ అమ్మాయి ‘రేపు వస్తాడు మెకానిక్’ అంది. రేపు నేనుండను కదమ్మా! అలాగని హోటల్ పూర్తిగా దండగ అనను. షో ముగిశాక వేల మంది రైలు కోసం మెట్లు దిగుతుంటే మనం నాలుగు వీధులు నడిచి పడుకోవచ్చు. ఆ సుఖానికే అంత ధర.

నా స్నేహితుడు న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర దిగాడు. నా ఓటు దానికే. అక్కడి నుంచి నది కిందుగా మాన్‌హట్టన్‌కి వెళ్ళే పాత్ (PATH) రైలు ఎక్కితే 33వ వీధిలో దింపుతుంది, అక్కడి నుంచి గార్డెన్‌కి ఐదారు నిమిషాల నడక. టికెట్ అప్పట్లో రెండు డాలర్ల డెబ్బై ఐదు సెంట్లు. పైగా నూవర్క్ ఎవెన్యూ మీద ఇండియా స్క్వేర్ ఉంది. పొద్దున్నే ఇడ్లీ, వడ, ఫిల్టర్ కాఫీ దొరికే చోట నిద్రలేవడం ఎలా ఉంటుందో, ప్లాస్టిక్ కప్పులో ఓట్‌మీల్ తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క లోటు: రాత్రి బాగా పొద్దుపోయాక ఆ రైలు హోబోకెన్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. కంగారు పడకండి, మీ స్టేషన్ వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది.

మూడోది మా అక్కావాళ్ళ ఇల్లు, న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో. బస ఉచితం, భోజనం అంతకన్నా ఉచితం. కానీ మెట్రోపార్క్ స్టేషన్ దాకా కారులో దింపేవాళ్ళు ఉండాలి, అక్కడి నుంచి పెన్ స్టేషన్‌కి ముప్పావు గంట పెట్టుకోవాలి. పెన్ స్టేషన్ సరిగ్గా గార్డెన్ కిందే. రైలు దిగి పైకెక్కితే హాలు గుమ్మం. ఆ జూన్ నెలలో నదీ సొరంగం దగ్గర కరెంటు తీగల గొడవలతో రైళ్ళు గంటల తరబడి ఆగిపోయిన రోజులున్నాయి. అందుకే బావగారు పదే పదే ఫోన్ చేసి ‘నాలుగింటికే బయల్దేరండయ్యా’ అని టెన్షన్ పెట్టారు. 2024 జులై 1 నుంచి ఈ రైళ్ళు నడిపే న్యూజెర్సీ ట్రాన్సిట్ చార్జీలు 15 శాతం పెరిగాయి, పాత లెక్కలు చూసి వెళ్ళేవాళ్ళు గమనించాలి.

ఎడిసన్‌లో ఆ వారం వేరే పండగ. ప్రభాస్ కొత్త సినిమా గురువారమే విడుదలైంది. అక్క స్నేహితులంతా ఆ హడావిడిలో ఉంటే, మా మేనల్లుడు మాత్రం ఎల్‌ఏ నైట్ టీషర్టు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ‘సినిమా రేపైనా ఉంటుంది మామయ్యా, గార్డెన్ రేపు ఉండదు’ అన్నాడు. పదమూడేళ్ళవాడికి ఆ మాత్రం వివేకం చాలు.

తిండి విషయానికొస్తే, హాలు లోపల తినొద్దు. ధరల మాట పక్కనపెట్టినా, శాకాహారికి పాప్‌కార్న్, ఫ్రైస్, ప్రెట్జెల్ దాటి పెద్దగా ఏమీ ఉండదు. తూర్పుకి ఓ పాతిక నిమిషాలు నడిస్తే లెక్సింగ్టన్ ఎవెన్యూ మీద మన హోటళ్ళ వరస ఉంది, 26వ వీధి మలుపులో శరవణ భవన్ కూడా. మేము దోసెలు తిని వెనక్కి నడిచాం. ఎండ మండిపోతోంది, అయినా నడిచాం, టాక్సీ ఎక్కితే అక్కడే ఇరుక్కునేవాళ్ళం.

బ్యాగుల విషయంలో గార్డెన్ వాళ్ళు మొహమాటపడరు. 22 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 9 మందం దాటితే లోపలికి పంపరు, దాచిపెట్టే చోటూ ఇవ్వరు. స్నేహితుడి తమ్ముడు విమానాశ్రయం నుంచి నేరుగా పెట్టెతో వచ్చాడు. ఆ చుట్టుపక్కల గంటలెక్కన సామాను దాచే చిన్న దుకాణాలు ఉన్నాయి కాబట్టి గట్టెక్కాడు. సెక్యూరిటీ క్యూ పెద్దదే గానీ చకచకా కదిలింది. నిలబడ్డవాళ్ళని కసురుకోకుండా మాట్లాడే సిబ్బందిని చాలా కాలానికి చూశాను.

ఇక సీట్లు. ముక్కోణపు మ్యాచ్ చూడ్డానికి సీటుకున్న ప్రాముఖ్యం మామూలు మ్యాచ్‌కి లేదని నాకు అక్కడే అర్థమైంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రిపుల్ థ్రెట్‌లో ముగ్గురూ ఒకరికొకరు ప్రత్యర్థులే. డిస్‌క్వాలిఫికేషన్ లేదు, రింగు బయట లెక్కపెట్టడం లేదు. ఎవరు ఎవరినైనా సరే మూడు లెక్కపెట్టేదాకా అదిమితే గెలిచినట్టే. అంటే మూడోవాడు మీద ఈగ వాలకుండానే ఓడిపోవచ్చు. ఆచరణలో జరిగేది ఇది: ఇద్దరు రింగులో కొట్టుకుంటుంటే ఒకడు బయట నేల మీద పడి ఉంటాడు, కాసేపటికి వంతు మారుతుంది. టీవీలో కెమెరా రింగు మీదే ఉంటుంది కాబట్టి ఆ బయట పడి ఉన్నవాణ్ణి మనం మర్చిపోతాం. హాల్లో కూర్చుంటే మర్చిపోలేం.

మాలో స్నేహితుడు నేల మీద కుర్చీలు కొన్నాడు, అందరికన్నా ఎక్కువ పెట్టి. నేనూ మేనల్లుడూ 100 నంబరు సెక్షన్లలో, ప్రధాన కెమెరాకి ఎదురు వైపు. స్నేహితుడి తమ్ముడు పైన బ్రిడ్జి సీట్లో. 2010ల్లో హాలుకి మరమ్మతులు చేసినప్పుడు కప్పు కింద వేలాడదీసినట్టు కట్టిన రెండు వంతెనలవి. నేల మీద కుర్చీలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ముందువాళ్ళు నిలబడితే మీరూ నిలబడాలి, అయినా కనిపించేది ఎవరి చేతిలోనో పైకెత్తిన బోర్డు. బ్రిడ్జి మీద నుంచి రింగు కాగితం మీద గీసిన పటంలా పూర్తిగా కనిపిస్తుంది, కానీ చప్పుడు పలచబడుతుంది. 200 సెక్షన్లలో చివరి వరసలు మాత్రం కొనకండి, ఆ వంతెన అడ్డొచ్చి నడి మధ్యనున్న పెద్ద తెర కనిపించదు.

మ్యాచ్ సంగతి. లోగన్ పాల్ అప్పటికి యునైటెడ్ స్టేట్స్ ఛాంపియన్. అతని తరఫున రింగు పక్కన కూర్చున్నది ఇండియానా పేసర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాడు టైరీస్ హాలిబర్టన్. సరిగ్గా నలభై రోజుల ముందు, మే 19న, ఇదే హాల్లో ప్లేఆఫ్స్ ఏడో ఆటలో ఊరి జట్టు న్యూయార్క్ నిక్స్‌ని ఓడించి ఇంటికి పంపింది ఆ పేసర్సే. ఇంకోవైపు నిక్స్ ఆటగాడు, ఊరి ముద్దుబిడ్డ జేలెన్ బ్రన్సన్ కూర్చున్నాడు. హాలిబర్టన్ మొహం తెర మీద కనబడగానే లేచిన ఆ అరుపుకి నా చేతిలో పాప్‌కార్న్ ఒలికింది. అది కుస్తీ అభిమానుల అరుపు కాదు, పాత పగ. నా పక్కన కూర్చున్న పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, నిక్స్ టోపీ పెట్టుకుని అప్పటిదాకా గమ్మున ఉన్నాడు. ఒక్కసారి లేచి చెప్పకూడని మాట ఒకటి అరిచి, మేనల్లుణ్ణి చూసి ‘సారీ కిడ్’ అని కూర్చున్నాడు.

హాలిబర్టన్ లోగన్‌కి బ్రాస్ నకిల్స్ (గుద్దడానికి వేళ్ళకి తొడుక్కునే లోహపు పట్టీ) అందించాడు. బ్రన్సన్ ఊరుకుంటాడా, ఇనప కుర్చీ పట్టుకుని లేచాడు. ఇంత గందరగోళంలోనూ ఎల్‌ఏ నైట్ గెలిచి అర్హత కొట్టేశాడు. నైట్ ఊతపదం ‘యా!’ని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. మేనల్లుడి గొంతు ఆ రాత్రికి పోయింది.

బయటికొచ్చి ఎనిమిదో ఎవెన్యూ దాటి మొయినిహాన్ హాల్లో కూర్చున్నాం. పాత పోస్టాఫీసు భవనం అది, 2021 జనవరిలో రైల్వే హాలుగా తెరిచారు. పెన్ స్టేషన్ కిందటి ఇరుకుతో పోలిస్తే స్వర్గం, కానీ టికెట్ చూపిస్తే గానీ కుర్చీల దగ్గరికి రానివ్వరు. అక్కడ మొదలైంది వాదన.

నేల మీద కూర్చున్నవాడికి మ్యాచ్ అద్భుతం. బ్రన్సన్ తనకి పది అడుగుల్లో నిలబడ్డాడట. ఎస్కోబార్ ఏం చేశాడురా అంటే ఒక్క క్షణం ఆలోచించాడు. గుర్తు లేదు! బ్రిడ్జి మీద ఉన్నవాడు దానికి మండిపడ్డాడు. ‘అన్నయ్యా, మ్యాచ్‌ని మోసింది వాడే. మిగతా ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటుంటే వాడే పరిగెత్తాడు. మీరంతా బాస్కెట్‌బాల్ చూసొచ్చారు’ అన్నాడు. మేనల్లుడికి ఈ చర్చ అక్కర్లేదు. నైట్ గెలిచాడు, అంతే.

నేను తమ్ముడి వైపే, కొంతవరకు. ఆ ఏడాది మనీ ఇన్ ద బ్యాంక్‌లో మగవాళ్ళ ఆరు చోట్లకీ ఇవే ముక్కోణపు మ్యాచ్‌లు పెట్టారు. ఒకటో రెండో అయితే కొత్తగా ఉండేది. ఆరూ ఇలాగే అయ్యేసరికి ప్రతి దాంట్లోనూ ఒకడు లెక్క సరిపెట్టడానికి వచ్చినట్టు కనబడ్డాడు. ఈ మ్యాచ్‌లో ఆ ఖర్మ ఎస్కోబార్‌ది. మెక్సికో కుస్తీ కుటుంబంలో పుట్టి, అంత చక్కగా గాల్లోకి లేచేవాణ్ణి, ఇద్దరు అతిథుల గొడవకి నేపథ్యం చేశారు. అయితే కార్మెలో హేయ్స్ లాంటి కుర్రాడు, రాండీ ఆర్టన్ లాంటి పాత దిగ్గజం ఉన్న మ్యాచ్ గెలిచి అర్హత తెచ్చుకోగలిగాడంటే అది కూడా ఈ పద్ధతి వల్లే. ఇద్దరే అయితే అలా రాయడానికి, ఈ మ్యాచ్‌ల ఫలితాలు ముందే రాసిపెట్టేవాళ్ళకి ధైర్యం చాలదు. ఇక ఛాంపియన్ అయిన లోగన్ ఓడినా బెల్టు అతని దగ్గరే ఉంది, కాబట్టి రెండు వైపులా కథ మిగిలింది. వ్యాపారంగా తెలివైన పని. ఆటగా సగమే.

ఆ రాత్రి నిజంగా హాలు నిశ్శబ్దమైంది మాత్రం చివర్లో, కుస్తీ ముఠా బ్లడ్‌లైన్‌కి సోలో సికోవాని నాయకుడిగా, వాళ్ళ మాటలో ‘ట్రైబల్ చీఫ్’గా, ఒప్పుకోనన్న వాళ్ళ మేనేజరు పాల్ హేమన్‌ని ఆ ముఠావాళ్ళే కామెంటరీ బల్ల మీద పడేసినప్పుడు. న్యూయార్క్‌వాడైన హేమన్ దెబ్బలు తినడం ఆ ప్రేక్షకులకి నచ్చలేదు. సీటు ఏదైనా దాని మీద మాకు రెండో అభిప్రాయం లేదు.

హైదరాబాద్‌లో 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలిలో జరిగిన డబ్ల్యూడబ్ల్యూఈ షో సూపర్‌స్టార్ స్పెక్టకిల్ చూసిన మిత్రుడొకడు ఫోన్‌లో ఇదంతా విని, ‘మాకు జాన్ సీనా వచ్చాడు, మీకొచ్చాడా?’ అన్నాడు. రాలేదు. హైదరాబాద్‌ది వారంవారం వచ్చే టీవీ ఎపిసోడ్ కాదు కాబట్టి ప్రకటనల విరామాలూ లేవట. గార్డెన్‌లో, అప్పట్లో షో ప్రసారం చేసిన ఫాక్స్ ఛానెల్ వాళ్ళ ప్రకటనలకి మధ్య మధ్యలో ఆగడం విసుగే.

శనివారం పొద్దున పదిన్నరకి బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. ఎడిసన్‌లో అక్క ఇల్లు నిండిపోయింది. ఇండియా ఏడు పరుగులతో గెలిచాక బావగారు వీధిలోకెళ్ళి అరిచి వచ్చారు. అప్పటికింకా గొంతు రాని మేనల్లుడు కాగితం మీద ‘మామయ్యా, ఇది ట్రిపుల్ థ్రెట్ కాదుగా, ఎవరు ఓడారో క్లియర్’ అని రాసి చూపించాడు. వారం తిరగ్గానే టొరంటోలో బ్రీఫ్‌కేసు డ్రూ మెకింటైర్ ఎగరేసుకుపోయాడు, నైట్‌కి దక్కలేదు. మేనల్లుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనేదో చేసినట్టు. ఆగస్టు 3న క్లీవ్‌లాండ్ సమ్మర్‌స్లామ్‌లో నైట్, లోగన్ పాల్‌ని ఒంటరిగా ఓడించి ఆ యునైటెడ్ స్టేట్స్ బెల్టు లాక్కున్నాక మాత్రం అర్ధరాత్రి ఫోన్ చేసి ‘యా!’ అని పెట్టేశాడు.