ఆంకీతో జపనీస్, ఏడు నెలలు వాడాక

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, మందుల చీటీల మీద ఇంగ్లీషు, సంతలో నాలుగు సవర మాటలు. ఇంకో భాషంటే పెద్ద టెన్షన్ ఏముంటుందిలే అనుకుని దిగాను. జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు అయ్యాక రెండేళ్ళుగా ఒక నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తున్నా. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి వెళ్ళాలని ఉంది, దాన్ని అక్కడ కైగో అంటారు. 2019లో వాళ్ళు మొదలుపెట్టిన వీసాకి ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ, ఏదో ఒక జపనీస్ భాషా పరీక్ష పాసవ్వాలి, కైగో పరీక్షలు మళ్ళీ వేరే. రాత్రి డ్యూటీలతో క్లాసులకు కుదరదు కాబట్టి ఫోనే దిక్కయింది.

మొదట డబ్బులు కట్టి ఒక యాప్ పెట్టుకున్నా, పేరెందుకులెండి. రోజూ చుక్కలు, పతకాలు, చప్పట్లు. రెండు నెలలు చప్పట్లు కొట్టించుకున్నాక చూసుకుంటే నాకు గట్టిగా వచ్చింది 'ఆపిల్ ఎర్రగా ఉంది' ఒక్కటే. ఆ తర్వాత ఆంకీ అనే కార్డుల యాప్‌కి వచ్చాను.

ఆంకీ అంటే జపనీస్‌లోనే బట్టీ పట్టడం అని అర్థం. 2006లో డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం, ఐఫోన్‌కి మాత్రం ఒకేసారి 25 డాలర్ల దాకా అవుతుంది. ప్లే స్టోర్‌లో దీని పేరుకి దగ్గరగా ఉన్నవి చాలా కనిపిస్తాయి, ఆంకీడ్రాయిడ్ అనే మాట సరిగ్గా చూసుకుని దించుకోండి. ఒకసారి కార్డులు ఫోన్లోకి వచ్చాక నెట్ లేకపోయినా నడుస్తుంది, అర్ధరాత్రి వార్డులో సిగ్నల్ పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. చూడ్డానికి మాత్రం పాత బ్యాంకు పాస్‌బుక్కులా ఉంటుంది, మొదటి రోజు తెరిచి, ఇదేం గోలరా బాబూ అని మూసేశాను.

పని చేసే తీరు తేలికే. కార్డు ముందు ఒక మాట, వెనక అర్థం. గుర్తొచ్చిందో లేదో మీరే నొక్కాలి. వస్తే రేపు, తర్వాత నాలుగైదు రోజులకి, తర్వాత రెండు వారాలకి, అలా ఎడం పెంచుకుంటూ చూపిస్తుంది. రాకపోతే మళ్ళీ మొదటికి. మరిచిపోబోయే ముందు అడగడం, అంతే కిటుకు. 2023 చివర్లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అని కొత్త లెక్క పెట్టారు, సెట్టింగ్స్‌లో అది ఆన్ చేసుకోండి, మన జ్ఞాపకం తీరు చూసి ఎడం తనే వేసుకుంటుంది. ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే దాన్ని లీచ్, అంటే జలగ, అని పక్కన పెట్టేస్తుంది. ఆ పేరు పెట్టినవాడికి దండం.

ఇక నేను చేసిన తప్పు. రోజుకి ఇరవై కొత్త కార్డులు అని దాంట్లో ముందే ఉంటుంది, నేను దాన్ని ముట్టుకోలేదు. మొదటి వారం హాయిగా ఉంది. మూడో వారానికి పాతవి రోజుకి నూట ఎనభై దాకా వచ్చాయి. అప్పుడే చెల్లి పెళ్ళి, ఆరు రోజులు తెరవలేదు. పెళ్ళయ్యాక తెరిస్తే పాతవన్నీ కుప్పగా నా కోసం కూర్చుని ఉన్నాయి. వారం పట్టింది తీర్చడానికి. ఇప్పుడు రోజుకి ఎనిమిది కొత్తవి, అంతకు మించను.

కానీ అసలు గొడవ సంఖ్యది కాదు, డెక్‌ది, అంటే కార్డుల కట్టది. ఎవరో తయారుచేసి పెట్టిన ఇంగ్లీషు డెక్ దించుకున్నా. తలనొప్పికి వెనకవైపు 'ఐ హ్యావ్ ఎ హెడేక్' అని ఉంది. జపనీస్‌లో 'అతమ గ ఇతాయి'. ఇందులో 'ఐ' ఎక్కడ, 'హ్యావ్' ఎక్కడ అని వెతుక్కుంటూ కూర్చున్నా. తెలుగులో 'తల నొప్పిగా ఉంది' అని రాసుకుంటే గొడవే లేదు, అక్కడా తలే నొప్పి పెడుతుంది. 'తబెతె మిమాస్' అంటే అచ్చంగా 'తిని చూస్తాను', మనలాగే తినడం ముందు, చూడడం తర్వాత. 'ఇకు తొ ఈమాష్త' అంటే 'వెళ్తానని అన్నాడు', ఆ 'తొ' మన 'అని' లాంటిది, కూర్చున్న చోటు కూడా అదే. 'తబెతె షిమాఇమాష్త' అనే దానికి ఇంగ్లీషు డెక్‌లో మూడు లైన్ల వివరణ ఉంది. నా కార్డు వెనక ఒక్క మాట: తినేశాను.

ఆ రోజే ఆ డెక్ తీసిపారేసి కార్డులన్నీ తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టా. ఉచ్చారణకి కూడా మన లిపే మేలు. 'బిరు' అంటే బిల్డింగు, 'బీరు' అంటే బీరే. 'కితె' వేరు, 'కిత్తె' వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ దీర్ఘాలూ ఒత్తులూ చూస్తూ చూస్తూ జారిపోతాయి. చుక్క, చుట్టం అన్నప్పుడు మన నోట్లో వచ్చే 'చు' ఉంది చూశారూ, జపాన్ బల్ల 'చుకుఎ'లో ఉన్నది అదే. అయితే తెలుగు లిపి నెలరోజులే, ఆ తర్వాత జపనీస్ అక్షరాలు, అంటే హిరగానాకి మారకపోతే పరీక్షలో చదవలేరు. తెలుగు దెబ్బకొట్టే చోట్లూ ఉన్నాయి. మనకి పిల్లి అయినా బల్ల అయినా 'ఉంది', వాళ్ళకి పిల్లికి 'ఇమాస్', బల్లకి 'అరిమాస్'. ఆ పిల్లి నాకు జలగ అయ్యి కూర్చుంది.

ఇంకో మాట. ఐదో నెలలో ఆన్‌లైన్‌లో ఒక జపాన్ టీచరుతో అరగంట మాట్లాడాను. నా డెక్‌లో అప్పటికి తొమ్మిదివందల మాటలున్నాయి. ఆవిడ 'పొద్దున ఏం తిన్నారు?' అని అడిగింది. అన్నం తెలుసు, గుడ్డు తెలుసు, తినడం తెలుసు, అయినా నోరు పెగల్లేదు. ఆవిడ నవ్వు మొహంతో ఆగి చూస్తోంది, నేను స్క్రీన్ మూల టైమ్ చూస్తున్నా. మాట్లాడడం ఈ యాప్ నేర్పదు, ఆ ఆశ పెట్టుకోకండి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో మాస్టారుగా ఉంటూ, సవర నేర్చుకోడానికి ఆ భాష మాట్లాడే మనిషినే ఇంట్లో పెట్టుకున్నారు. నాకు ఆ వీలు లేదు, వారానికి ఒక అరగంట టీచరు ఉంది. కార్డుల్లో కూడా విడి మాటలు మానేసి వాక్యాలు పెట్టి, ఆవిడ గొంతు రికార్డు చేసి ఎక్కించా. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద పడి వాటి వెంట పైకి అంటుంటే, 'ఏటే, ఆ ఫోనుతో గొణుక్కుంటన్నావు?' అని అమ్మ గోల.

ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తా. ఒకటి ఆ రోజు టీచరు మొహం గుర్తొచ్చి తగ్గించాను.

డెక్ పంపమని నా దగ్గర చాలామంది అడుగుతున్నారు. మా బ్యాచ్ అమ్మాయి ఒకతెకి పంపాను. చక్రాల కుర్చీ, అంటే కురుమాఇసు, కార్డు వెనక నేను 'మామ్మ ఎక్కనని మొండికేసింది' అని రాసుకున్నా, మా మామ్మ ఆసుపత్రిలో చేసిన గొడవ గుర్తుండాలని. మూడో రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసి, 'అక్కా, కురుమాఇసు అంటే మొండికెయ్యడమా?' అంది.