ల్యాండింగ్ నెట్ కొనేటప్పుడు ఫ్రేమ్ కాదు, సంచి చూడండి

గాలానికి పడ్డ చేపను నీళ్లలోంచి అందుకునే పిడి వలనే ల్యాండింగ్ నెట్ అంటారు. కొన్నేళ్లుగా నా దగ్గర అలాంటివి మూడు ఉన్నాయి. ఒకటి చెక్క ఫ్రేమ్‌కి ముడుల్లేని నైలాన్ వల బిగించినది. రెండోది అల్యూమినియం, దానికి రబ్బరు పూత పూసిన నైలాన్. మూడోది కార్బన్ ఫైబర్ ఫ్రేమ్, పారదర్శకమైన రబ్బరు సంచి. ఫ్లై ఫిషింగ్‌కి, అంటే గాలానికి పురుగులా కనిపించేలా కట్టిన ‘ఫ్లై’ అనే ఎరతో చేసే వేటకి, ఇప్పుడు ఎక్కువగా తీసుకెళ్లేది మూడోదే. అందుకు కారణం కార్బన్ ఫైబర్ కాదు, దాని సంచి. షాపులో మన చూపు ముందు ఫ్రేమ్ మీదకే పోతుంది. చేపకు తగిలేది మాత్రం సంచి.

చేప ఒంటి మీద జిగట పొర ఒకటి ఉంటుంది. సూక్ష్మజీవులు, ఫంగస్ అంటకుండా దాన్ని కాపాడేది అదే. ముడులున్న నైలాన్ ఆ పొరను గీకేస్తుంది, రెక్కల అంచులను చీలుస్తుంది. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో బ్లూగిల్ చేపలను రబ్బరు వలలోను, ముడుల్లేని నైలాన్‌లోను, ముడులున్న రెండు రకాల నైలాన్ వలల్లోను పట్టి పోల్చారు. ముడులున్న వలల్లోనే ఎక్కువ దెబ్బలు కనిపించాయి. ఇంగ్లండ్‌లో గాలం వేట నియమాల ప్రకారం ల్యాండింగ్ నెట్‌కి ముడులున్న వల గానీ లోహపు జాలీ గానీ ఉండకూడదు. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేవాళ్లు ముడుల వలను ఎంత చవకగా వచ్చినా కొనొద్దు.

చేప సంగతి పక్కన పెట్టి మన సుఖం చూసుకున్నా రబ్బరే మేలు. టిప్పెట్‌కి (దారం చివరి సన్నటి భాగం) రెండు ఫ్లైలు కట్టి నింఫింగ్ (నీటి అడుగున ఫ్లైతో పట్టడం) చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేప ఒక ఫ్లైని పట్టుకుని ఉంటుంది, రెండోది ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. చేప వలలో పడి ఒక్కసారి దొర్లిందంటే ఆ ఖాళీ గాలం నైలాన్ వల కన్నులో (రంధ్రంలో) దిగిపోతుంది. ఇక చేపను విడిపించాలా, గాలాన్ని విడిపించాలా? 6ఎక్స్ అనే సైజు టిప్పెట్ మందం సుమారు 0.13 మిల్లీమీటర్లు. ఆ తొందరలో అది తెగకుండా మిగిలితే అదృష్టమే. రబ్బరులో గాలం లోతుగా దిగదు, ఫోర్సెప్స్‌తో (చిన్న పట్టకారుతో) కొంచెం తిప్పితే వచ్చేస్తుంది. బార్బ్ (మొన దగ్గరి ఎదురు ముల్లు) నొక్కేసిన గాలమైతే ఇంకా తేలిక. నా చెక్క నెట్ మూలన పడటానికి ఈ చిక్కే అసలు కారణం, లేకపోతే దాని అందానికి సాటి లేదు.

రబ్బరుకూ లోపాలున్నాయి. మొదటిది బరువు. రెండోది ప్రవాహంలో దాని లాగుడు. నడుము లోతు నీళ్లలో నిలబడి పెద్ద రబ్బరు సంచిని ముంచితే ఏరు దాన్ని కిందికి ఈడ్చుకుపోతుంటుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. కన్ను మరీ పెద్దదైతే చిన్న ట్రౌట్ తల అందులో దూరి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, చిన్న కన్ను సంచి తీసుకోండి. రబ్బరు పూత నైలాన్ రబ్బరుకూ మామూలు నైలాన్‌కూ మధ్యస్థం. తేలిగ్గా ఉంటుంది, నీళ్లలో అంతగా లాగదు. కాకపోతే వాడేకొద్దీ మడతల దగ్గర పూత లేస్తుంది, అక్కడి నుంచి మళ్లీ గాలాలు పట్టడం మొదలు. దూరం నడిచి చిన్న వాగులకు వెళ్లేటప్పుడు మాత్రం నేనిప్పటికీ దాన్నే పట్టుకెళ్తాను.

సంచి లోతు ఎక్కువుంటే మంచిదనిపిస్తుంది కానీ, మరీ లోతైన దాంట్లో చేప వంగిపోయి చుట్టుకుంటుంది, తీయడం కష్టం. అడుగు చదునుగా ఉండి, మీకు మామూలుగా పడే చేప ఒళ్లు వంగకుండా పట్టేంత పొడవు సంచి మూతికి ఉంటే చాలు. గాలం తీసేదాకా చేప నీళ్లలోనే ఉండాలి కదా, చదునైన సంచి ఆ పనికి తొట్టిలా ఉపయోగపడుతుంది. పొడి వల కూడా జిగట పొరను తుడిచేస్తుంది కాబట్టి ముందు దాన్ని తడపండి, చేతులూ తడుపుకోండి. తర్వాత వలను నీళ్లలో కదలకుండా ఉంచి, తల పైకెత్తిన చేపను దాని మీదకు నడిపించాలి. తోక వైపు నుంచి వలతో వెంటపడితే చేప ముందుకే దూకుతుంది.

పిడి పొడవు మీరు నిలబడే చోటును బట్టి. తొమ్మిది అడుగుల రాడ్, అంతే పొడవు లీడర్ (లైన్ చివర కట్టే సన్నటి దారం) ఉన్నప్పుడు చేప దగ్గరికి రావాలంటే రాడ్ చేతిని పైకెత్తి వెనక్కి చాపాల్సిందే. ఆ భంగిమలో రెండో చేయి ఎంత దూరం పోతుందో షాపులోనే నిలబడి చూసుకోండి, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఒడ్డు మీంచో పడవలోంచో పట్టేవాళ్లకు పొడవాటి పిడి తప్పదు. నీళ్లలో దిగేవాళ్లకు అదే పిడి వీపున వేలాడుతూ అడుగడుక్కీ తొడకు తగులుతుంది.

ఇక ఫ్రేమ్. చెక్క తేలుతుంది, చేతికి బాగుంటుంది, కానీ వల కుట్టిన రంధ్రాల దగ్గర వార్నిష్ పోతే నీరు దిగుతుంది. అప్పుడప్పుడు మళ్లీ పూయాలి. అల్యూమినియానికి ఆ బాధ లేదు, రాయికి తగిలితే మాత్రం ఖంగుమంటుంది, గట్టిగా ఆనుకుంటే వంగుతుంది. కార్బన్ ఫైబర్, ఫైబర్‌గ్లాస్ కలిపి చేసిన ఫ్రేమ్‌లు ఫిష్‌పాండ్ వారి నోమాడ్ రకంతో బాగా పేరు తెచ్చుకున్నాయి. అవి తేలుతాయి, వార్నిష్ గొడవ లేదు. నాది వేరే కంపెనీది. ఫ్రేమ్ చెక్కుచెదరలేదు, సంచే ముందు పాడైంది. ఎండకు పసుపు తిరిగి, ఫ్రేమ్‌కి బిగించిన చోట చిరిగింది.

వీపున తగిలించుకోవడానికి అయస్కాంతపు క్లిప్ మంచి ఏర్పాటు, ఒక చేత్తో లాగితే వచ్చేస్తుంది. దానికి తాడు మాత్రం సాగేది వద్దు. పొదకు పట్టుకున్న నెట్‌ని సాగే తాడు ఎంత దూరమైనా పోనిచ్చి, పట్టు వదలగానే నేరుగా మీ నడుం మీదకు విసురుతుంది. తక్కువ సాగే చుట్టల తాడు నయం.

డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న చేతులతో సంచిని, ఫ్లై లైన్‌ని ముట్టుకోకండి, ప్లాస్టిక్‌ను అది తినేస్తుంది. ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్లేముందు నెట్‌ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే అక్కడి నాచు, రోగాలు ఇక్కడికి వస్తాయి. ఈ విషయంలోనూ నీరు పీల్చని రబ్బరుదే పైచేయి. కొనేముందు అదే నెట్‌కి విడి సంచి దొరుకుతుందా, దాన్ని మనమే మార్చుకోవచ్చా అని అడగండి. నా నెట్‌కి దొరికింది, ఒక పూటలో మార్చేశాను. దొరక్కపోతే ఆ ఖరీదైన ఫ్రేమ్ గోడకు తగిలించుకోవడానికే.